తాగి ఉంటే కేసు తేలిపోతుందా?

సంపాదకులకు,

‘తాగిన మైకంలో హత్య’ అని వార్త పడగానే ఊళ్లో వినిపించేది ఒకటే మాట: “తాగున్నాడు కదా, కేసు నిలవదులే.” చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు కూడా అదే నమ్మి దిగులుపడుతున్నారు. చట్టం అలా లేదు.

భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్ (పాత ఐపీసీ 85) కాపాడేది, తనకు తెలియకుండానో ఇష్టం లేకుండానో మత్తు ఎక్కించబడినవాణ్ణి మాత్రమే. కూల్‌డ్రింకులో ఎవరో మందు కలిపి ఇచ్చారనుకోండి. అప్పుడైనా తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలియనంత మత్తులో ఉండాలి. దాన్ని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. స్నేహితులు బతిమాలితే తాగానంటే చెల్లదు.

తనంతట తాగినవాడికి వర్తించేది 24వ సెక్షన్. మత్తు లేనప్పుడు ఏం తెలిసి ఉండేదో అదంతా అతనికి తెలుసనే లెక్క. కడుపులో కత్తి దిగితే ప్రాణం పోతుందని తెలియదనడానికి వీల్లేదు. చంపాలనే ఉద్దేశం ఉందా లేదా అన్నది వేరే సంగతి, వాదనంతా నడిచేది అక్కడే. 1956లో బాస్‌దేవ్ వర్సెస్ పెప్సూ (పాటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాలు కలిసిన అప్పటి రాష్ట్రం) కేసు చూడండి. పెళ్లి విందులో పక్కకు జరగమంటే జరగలేదని పదిహేను, పదహారేళ్ల కుర్రాణ్ణి సైన్యంలో జమాదారుగా రిటైరైన బాస్‌దేవ్ పిస్తోలుతో పొట్టలో కాల్చాడు. తూలాడు, మాట తడబడింది, నిజమే. కానీ ఎవరి ఆసరా లేకుండా నడిచాడు, తన చోటు తానే చూసుకున్నాడు, కాల్చాక పారిపోబోయాడు, దొరికాక క్షమించమన్నాడు. సుప్రీంకోర్టు హత్యానేరమే ఖాయం చేసింది.

ఉద్దేశం పెట్టుకోలేనంత మత్తని తేలితే కేసు హత్య కంటే తక్కువదైన ‘హత్యగా పరిగణించని నేరపూరిత నరహత్య’కు దిగొచ్చు. దానికీ పదేళ్ల దాకా జైలుంది.

ఎంత మత్తో తేల్చే పరీక్ష సరిగా జరగక కేసులు పాడయ్యేది మొదటి కొన్ని గంటల్లోనే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గిపోతుంది. రాత్రి ఘటనకు మర్నాడు మధ్యాహ్నం రక్తం తీస్తే చాలాసార్లు ఏమీ మిగలదు. సూది గుచ్చేచోట స్పిరిట్ దూది రుద్దకూడదు, సబ్బునీళ్లతో తుడవాలి. సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులోనే పట్టాలి, లేకుంటే నిల్వలో సూక్ష్మజీవుల వల్ల అంకె మారుతుంది. ‘మద్యం వాసన ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే ఎంత మత్తో తేలదు. నడక, మాట, కళ్లు ఎలా ఉన్నాయో డాక్టరు రాయాలి.

మీ విలేకరులు ‘మైకంలో’ అని రాసేటప్పుడు పరీక్ష ఎన్ని గంటలకు చేశారో కూడా అడిగి రాయాలని కోరుతున్నాం.

– ఇద్దరు క్రిమినల్ న్యాయవాదులు, నరసరావుపేట