జమ్మి దగ్గర పాలపిట్ట: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచినప్పటి నుంచి గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే ముచ్చట: "ఎనిమిదో తరగతి ఆడపిల్లలు జమ్మి దగ్గర లొల్లి చేసిండ్రట." జరిగింది ఇదీ. ఒకాయన పాలపిట్టను పంజరంలో పెట్టుకుని, చూసినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటున్నాడు. "దాని కాళ్లకు దారమెందుకు కట్టినవన్నా?" అని మన పిల్లలు నలుగురు అడిగారు. ఆయన కసిరేసరికి అటవీశాఖకు ఫోన్ చేశారు. సిబ్బంది వచ్చి పిట్టను తీసుకెళ్లారు. ఆ నలుగురిలో ఒకమ్మాయి మొన్న జూన్‌లో క్లాసులో లేచి తన పేరు చెప్పడానికే వణికింది! వాళ్లను మందలించమని ఫోన్ చేసిన పెద్దలకు ఒకటే మనవి: మందలించను. సోమవారం ప్రార్థనలో చప్పట్లు కొట్టిస్తాను.

"పండగపూట పిట్టను చూడొద్దా మేడమ్?" అంటున్నారు. చూడండి, నేనూ చూస్తాను. చేను గట్టు మీదో, కరెంటు తీగ మీదో కనబడితే దండం పెట్టుకోమన్నారు మన పెద్దలు. పంజరం ముందు నోటు తీయమనలేదు. ఆ నోటు కోసమే పండగకు ముందే వాటిని పడుతున్నారు. పాలపిట్ట తినేది మిడతలు, పురుగులు. నూకలు పోస్తే ఎట్లా బతుకుతుంది?

రాష్ట్ర పక్షి అని జీకేలో బట్టీ పట్టిస్తాం. పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గిందని 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక చెప్పింది. పత్తికి మందు మీద మందు కొడితే దానికి తిండి ఉండదు. మోడుబారిన తాటిచెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, వెంచర్ల కోసం ఆ తాళ్లనే ముందు కూలుస్తున్నాం. ఇంకా బోలెడున్నాయి కదా అనకండి. రాబందులూ బోలెడుండేవి. పశువు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ సూది వేశాం. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకు కిడ్నీలు చెడిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించేసరికే మూడు జాతుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. వాటిని చంపాలని ఎవరూ అనుకోలేదు. ఆరో తరగతిలో రాబందును చూసినవాళ్లు చెయ్యెత్తమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. మీ ఇంట్లో తాతలను అడగండి, ఊరి బయట ఎన్ని వాలేవో చెబుతారు.

అన్నట్టు, "మా ఇల్లు" బొమ్మ గీయమంటే చిన్నపిల్లలు చాలామంది పంజరంలో చిలకను గీశారు. బొమ్మలు ముద్దొచ్చాయి. కానీ చిలకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని తెలిసిన మీకు నేను చెప్పాలా? రెక్కలు కత్తిరించినదాన్ని వదిలేస్తే కుక్కల పాలవుతుంది, అటవీశాఖకే అప్పగించండి. టిఫిన్ బాక్సు కడగడం కష్టమని అన్నం ప్లాస్టిక్ కవర్లో కట్టి పంపే తల్లులకు కూడా నమస్కారం. ఆ కవర్లను గేటు బయట ఆవులు నములుతున్నాయి.

ఎస్‌ఏ-1 పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో ఉంది, సంతకం చేసి పంపండి. బస్సు ఫీజు బాకీలు ఈ నెలలోనే కట్టండి. పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారం, ఈసారి నాన్నలు కూడా రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
నల్గొండ