పరీక్ష సరే, పాఠం ఏదీ?

సంపాదకుడు గారికి,

మైనర్లు ఘోరమైన నేరం చేశారని వార్త రాగానే, వాళ్లను పెద్దవాళ్లలాగే విచారించాలన్న మాట టీవీల్లో మొదలవుతుంది. ఆ వీలు జువైనల్ జస్టిస్ చట్టంలో 2016 జనవరి నుంచే ఉంది. కనీసం ఏడేళ్ల శిక్ష పడే కేసైతే 16 ఏళ్లు నిండినవాణ్ణి జువైనల్ జస్టిస్ బోర్డు పరీక్షించి, పెద్దవాడిలా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపొచ్చు. శిక్ష పడినా 21 ఏళ్లు వచ్చేదాకా జైల్లో పెట్టకూడదు, ‘ప్లేస్ ఆఫ్ సేఫ్టీ’లో, అంటే జైలు కాని వేరే సంరక్షణ కేంద్రంలో ఉంచాలి. 21 నిండాక వాడు మారాడా లేదా అన్నది కోర్టు చూస్తుంది. మారితే వదిలేయొచ్చు, లేకపోతే మిగిలిన శిక్షకు జైలే.

నా గొడవంతా శిక్ష పడ్డాక 21 నిండేదాకా గడిచే ఆ కాలం గురించి. చదువు, చేతిపని, కౌన్సెలింగ్, మానసిక వైద్యం అందించాలని ఆ చట్టమే చెబుతోంది. అందుతున్నాయా?

నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తర్వాత కొన్నాళ్లు వారానికి రెండు రోజులు ఇలాంటి పిల్లలను ఉంచే ఒక హోమ్‌లో ఫ్యాన్ వైండింగ్ (మోటారుకి రాగి తీగ చుట్టడం) నేర్పాను. ఎవరి కేసేమిటో అడగలేదు. ఒక కుర్రాడు చుట్లు లెక్కపెడుతూ మధ్యలో తప్పితే చాలు, తీగ తెంపి విసిరికొట్టేవాడు. నాలుగో నెలకి, లెక్క తప్పితే తనే మొత్తం విప్పుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం చూశాను. (మా ఐటీఐలో ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువే.) కోర్టుకు తెలియాల్సిన సంగతి ఇదే కదా అనిపించింది. కానీ ఎవరికి చెప్పాలి? కౌన్సెలర్ పోస్టు ఖాళీ. నన్ను అడిగి రాసుకున్నవాళ్లు లేరు. ఆ తర్వాత రాగి తీగ కొనడానికి డబ్బుల్లేవని క్లాసే ఆపేశారు.

బాధితుల ఇళ్లలోని కోపాన్ని నేను తప్పుపట్టను. వీళ్ల మీద జాలి చూపమనీ అనను. కానీ మారాడా లేదా అని తేల్చే రోజున కోర్టు చేతిలో ‘ప్రవర్తన సంతృప్తికరం’ అన్న ఒక్క ముక్కే ఉంటే, ఆ కుటుంబాలకు మాత్రం ఏం భరోసా?

ఏ హోమ్‌లో ఎన్ని కౌన్సెలర్ పోస్టులు భర్తీ అయ్యాయో, ఏ పని నేర్పారో పిల్లల పేర్లు లేకుండా ఏటా బయటపెట్టాలి. నేర్పినవాళ్ల మాట కూడా రిపోర్టులోకి ఎక్కాలి. ఇంకొకటి, సర్టిఫికెట్ ఐటీఐ పేరుతో ఇవ్వండి. హోమ్ పేరున్న కాగితం చూసి ఏ మోటారు షాపువాడూ పనిలో పెట్టుకోడు.

– ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, వరంగల్