గోస్తని మొగలో తెల్లారకముందు నీళ్ళు పట్టించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

భీమిలి దగ్గర గోస్తని మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, నీటి గురించి మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికీ ఒకటే జవాబు: కరిగిన ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములు ఉంది, నీరు బాగుంది. అయ్యా, మా భయమంతా ఆ తొమ్మిదిని చూసే.

30 డిగ్రీల దగ్గర మంచినీరే గాలి నుంచి సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటుంది. ఉప్పు కలిసేకొద్దీ ఇంకా తక్కువ. మరి తొమ్మిది ఎక్కడిది? విపరీతంగా పెరిగిన వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు, పగటి ఎండకు వదిలినది. రాత్రయితే అవే ఆ ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. కోడి కూసే వేళకు అది రెండుకు పడిపోతే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది, రొయ్యపిల్ల ఒడ్డు పట్టుకుంటుంది. పదకొండింటికి సీసా పట్టుకుని వచ్చేవారికి ఇదేదీ కనబడదు.

వరద రోజుల్లో బురద వెలుతురును ఆపేస్తుంది, ప్రవాహం ప్లవకాలను సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. అప్పుడు పరీక్షిస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. వరద తీసి నీరు తేరుకున్నాకే అసలు పెరుగుదల. ఇసుక మేట వేసి మొగ పూడితే నీరు కదలక ఇంకా ముదురుతుంది.

సిలికా పరీక్ష అసలే లేదు. వృక్షప్లవకాల్లో సిలికాతో పెంకు కట్టుకునే రకమైన డయాటమ్‌లకు అణువుల లెక్కన నత్రజని ఎంత కావాలో సిలికా దాదాపు అంతే కావాలి. మురుగు నత్రజనిని, ఫాస్ఫరస్‌ను తెస్తుంది కానీ సిలికాను ఆ లెక్కన తేదు. సిలికా చాలకపోతే రొయ్యపిల్లకు మేతయ్యే డయాటమ్‌లు తగ్గి వేరే జాతులు పైకొస్తాయి. దయచేసి ఈ నమూనాను గాజు సీసాలో పట్టనివ్వకండి, గాజులోంచే సిలికా నీళ్ళలోకి దిగుతుంది. ప్లాస్టిక్ సీసా కావాలి.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. పొద్దు పొడవకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పైన ఒక సీసా, నీటి కింది నేలకు ఒక అడుగు ఎత్తున ఇంకొకటి. అమావాస్య పోటుకూ, అష్టమి మందపు పోటుకూ కూడా. ఆక్సిజన్ సీసాలో గాలి బుడగ ఉండకూడదు, ఆక్సిజన్‌ను పట్టి నిలిపే మందులు ఒడ్డునే కలపాలి. ఆఫీసుకు మోసుకెళ్ళేసరికి అంకె మారిపోతుంది. ప్లవకాల లెక్కకు తీసిన నీటిలో పల్చటి టీ రంగు వచ్చేదాకా, ప్లవకాలు చెడకుండా నిలిపే లుగోల్ అయోడిన్ ద్రావణం వేస్తే చాలు.

మంత్రి గారూ, తెల్లారకముందు పట్టిన ఒక్క సీసా ఫలితమైనా మాకు చూపించండి. వరద తీసిన వారంలోనే మొదలుపెట్టించండి, వేడుకుంటున్నాం.

భీమిలి, విశాఖపట్నం జిల్లా