ఆప్రన్ జేబులో ఏ పుస్తకం?

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. లతకి వచ్చే నెల నుంచి హౌస్ సర్జన్సీ, నీకేమో పీహెచ్‌సీ పోస్టింగ్. శుభం. "ఇద్దరికీ పనికొచ్చే పాకెట్ పుస్తకం ఒకటి చెప్పు, కోఠీ వెళ్లి రెండు కాపీలు పట్టుకొచ్చేస్తా" అని రాశావు. ఆగరా. అలా రెండు కాపీలు తెచ్చావంటే ఒకటి దండగే. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి రెండింటికి లతకి కావలసింది వేరు, చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఇంకో డాక్టర్ లేనిచోట నీకు కావలసింది వేరు.

పేరు, పబ్లిషర్, కవర్ మీద ఎన్నో ఎడిషన్ అన్న అంకె, ఇవన్నీ తర్వాత. చేతిలో ఉన్న ఆంపూల్‌కీ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజుబుడ్డికీ), ల్యాబ్ ఇచ్చిన కాగితానికీ ఆ పుస్తకం సరిపోతుందా లేదా అన్నదే మొదట చూడాలి. సరిపోకపోతే దాన్ని వాడుతున్నప్పుడల్లా మనసులో ఒక లెక్క అదనంగా కట్టాలి. నిద్ర లేని కళ్లతో కట్టే లెక్కలోనే తప్పు దొర్లుతుంది.

అట్రోపిన్‌నే తీసుకో. పురుగుల మందు తాగిన కేసు నీ దగ్గరికి రాకుండా ఉండదు. చాలా విదేశీ పుస్తకాల్లో మొదటి డోసు 2 ఎంజీ అని గుండ్రని అంకె ఉంటుంది. మన ఆంపూల్ 1 ఎంఎల్, అందులో ఉండేది 0.6 ఎంజీ. 2 ఎంజీ అంటే మూడు ఆంపూల్స్, ఇంకో ఆంపూల్‌లో మూడో వంతు. అదే మన వైపు పద్ధతి రాసిన పుస్తకమైతే 1.8 ఎంజీ అంటుంది. సరిగ్గా మూడు ఆంపూల్స్. 5 నిమిషాలకోసారి చూస్తూ, ఫలితం లేకపోతే రెట్టింపు చేసుకుంటూ పోవాలి: 3, 6, 12, 24 ఆంపూల్స్. సిస్టర్‌కి నోటితో చెప్పడానికి వీలైన అంకెలు అవి. ఎక్కడ ఆపాలో కూడా పుస్తకంలో ఉండాలి. ఊపిరితిత్తుల్లో గురక శబ్దం పోవాలి, గుండె 80 దాటాలి, సిస్టాలిక్ బీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి. కళ్లపాపలు పెద్దవయ్యే దాకా పోస్తూ ఉండమని మాత్రమే రాసిన పుస్తకాన్ని అక్కడే పెట్టేసి రా.

ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ కూడా అంతే. కిలోకి 20 ఎంజీ అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. 60 కిలోల మనిషికి 1200 ఎంజీ. మన ఆంపూల్ 2 ఎంఎల్‌లో 100 ఎంజీ కాబట్టి 12 ఆంపూల్స్ విరగ్గొట్టాలి. నిమిషానికి 50 ఎంజీ మించకూడదు, అంటే తక్కువలో తక్కువ 24 నిమిషాలు. నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే మందు గడ్డకట్టి అడుగుకి దిగుతుంది. ఈ నాలుగు సంగతులూ ఒకే చోట, ఒకే పేజీలో ఉన్న పుస్తకం మంచిది. డోసు ఒక పేజీలో, వేగం అనుబంధంలో, దేనితో కలపాలో ఇంకెక్కడో ఉంటే అది పరీక్షకి చదువుకోవడానికి బాగుంటుందేమో గానీ డ్యూటీకి పనికిరాదు.

ఇక ల్యాబ్ కాగితం. లత ఫ్రెండ్స్ అందరూ కొనేది ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ క్లినికల్ మెడిసినే. 1985లో మొదటిసారి వచ్చింది, ఇంకా జేబుల్లో తిరుగుతూనే ఉంది. ఒక్కో జబ్బుకి ఒకటి రెండు పేజీలు, చక్కటి వాక్యాలు, ఆలోచించడం నేర్పుతుంది. నాకు అదంటే చాలా ఇష్టం. కానీ అది బ్రిటిష్ పుస్తకం, షుగర్ మిల్లీమోల్స్‌లో, క్రియాటినిన్ మైక్రోమోల్స్‌లో ఉంటుంది. మన కాగితం మీద రెండూ ఎంజీల్లో వస్తాయి. షుగర్‌కి 18తో గుణించాలి, క్రియాటినిన్‌ని 88.4తో భాగించాలి, బిలిరుబిన్‌ని 17.1తో భాగించాలి. ఈ మూడు లెక్కలూ లోపలి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోమను. అక్కడ క్రియాటినిన్ 177 అని కనబడితే అది మన 2.

అమెరికన్ పుస్తకాల్లో యూనిట్లు మనవే గనక ఆ గొడవ లేదనుకుంటాం. అక్కడే ఇంకో గొయ్యి ఉంది. వాళ్లు రాసేది బన్, అంటే యూరియాలోని నైట్రోజన్ మాత్రమే. మన ల్యాబ్‌లు చాలావరకు ఇచ్చేది మొత్తం యూరియా. బన్‌ని 2.14తో గుణిస్తే మన యూరియా వస్తుంది. న్యుమోనియా ఎంత తీవ్రంగా ఉందో పాయింట్లతో చెప్పే కర్బ్-65 లెక్క వేసేటప్పుడు ఇది బాగా తగులుతుంది. బ్రిటిష్ పుస్తకంలో హద్దు 7 మిల్లీమోల్స్, అమెరికన్ పుస్తకంలో బన్ సుమారు 20, మన కాగితం మీద అది యూరియా 42. యూరియా 30 ఉన్న ముసలాయనకి 20 దాటింది కదా అని ఒక పాయింటు వేస్తే, వార్డులో చాలే మనిషికి ఐసీయూ బెడ్ కోసం వెతుకులాట మొదలవుతుంది.

మందుల పేర్లు సరేసరి. అమెరికన్ పుస్తకం వెనక ఇండెక్స్‌లో పారాసిటమాల్ కోసం వెతికితే దొరకదు, అసిటమినోఫెన్ అని చూడాలి. సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, రిఫాంపిసిన్ రిఫాంపిన్, పెథిడిన్ మెపెరిడిన్. మామూలప్పుడు ఫరవాలేదు. మనిషి ఊపిరాడక నీలం తిరుగుతుంటే ఇండెక్స్‌లో పేరు దొరక్కపోవడం చిన్న విషయం కాదు. కాబట్టి షాపులో ముందు ఇండెక్స్ తెరువు. మనం వాడే పేరు కింద "ఫలానా చూడు" అని అయినా ఉందా లేదా చూసుకో.

షాపుకి వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద అయిదు ప్రశ్నలు రాసుకెళ్లు. అనఫైలాక్సిస్‌కి, అంటే ప్రాణం మీదికొచ్చే అలర్జీకి, పెద్దవాళ్లకి అడ్రినలిన్ ఎంత, ఎక్కడ? రక్తంలో పొటాషియం 7 ఉంటే ముందు ఏం చెయ్యాలి? ఫిట్స్ ఆగకపోతే వరస ఏమిటి? 10 కిలోల పాపకి పారాసిటమాల్ సిరప్ ఎన్ని ఎంఎల్? పాము కాటుకి మొదటి మోతాదు ఎన్ని వయల్స్? ఒక్కోదానికీ 30 సెకన్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. షాపువాడు చిరాకుపడితే పడనీ.

జవాబులు నీకు తెలిసినవే, పుస్తకం ఎలా చెబుతోందో చూడటానికే ఇదంతా. అడ్రినలిన్ 0.5 ఎంజీ తొడ కండరంలోకి అని మొదటి వరుసలోనే ఉండాలి. కార్డియాక్ అరెస్ట్‌లో నరంలోకి ఇచ్చే 1 ఎంజీ ఐవీ డోసు దాని పక్కనే గీత లేకుండా ఉంటే ప్రమాదం, కంగారులో కన్ను పక్క వరుసకి జారిపోతుంది. పొటాషియం పెరిగితే మొదట 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 ఎంఎల్, ఆ తర్వాత 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ 25 గ్రాముల గ్లూకోజ్‌తో. 50 శాతం డెక్స్‌ట్రోజ్ 50 ఎంఎల్ అని పుస్తకంలో ఉంటుంది. వార్డులో దొరికేది 25 శాతం 100 ఎంఎల్ సీసా అయితే అది ఒకటి పెడితే లెక్క సరిపోతుంది. పాప సిరప్ సంగతి చూడు: కిలోకి 15 ఎంజీ చొప్పున 150 ఎంజీ. 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉండే సీసాతో 6 ఎంఎల్, 250 ఉండే సీసాతో 3 ఎంఎల్. "ఒక చెంచా" అని రాసిన పుస్తకాన్ని నేను నమ్మను.

అయిదో ప్రశ్న దగ్గరే విదేశీ పుస్తకాలు చాలా చేతులెత్తేస్తాయి. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల పొలాల్లో కట్లపాము లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే మన విషవిరుగుడు మందు, యాంటీవీనం, మొదటి మోతాదు 10 వయల్స్. పిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము పిల్లాడని విషం తక్కువ వదలదు. రక్తం గడ్డకడుతోందా అని 20 నిమిషాల పరీక్ష చేయాలంటే ట్యూబు కొత్తది, పొడిది, గాజుది అయ్యుండాలి. ప్లాస్టిక్ ట్యూబులోనో డిటర్జెంట్‌తో కడిగిన ట్యూబులోనో వేస్తే రక్తం మామూలుదే అయినా గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా యాంటీవీనం ఎక్కించేస్తాం. తేలు కుట్టి చెమటలు, ఆయాసం వస్తే కిలోకి 30 మైక్రోగ్రాముల ప్రాజోసిన్. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఏళ్ల తరబడి పనిచేసి నిలబెట్టిన వైద్యం అది. 15 కిలోల పిల్లాడికి 450 మైక్రోగ్రాములు, అంటే మామూలు 1 ఎంజీ మాత్రలో దాదాపు సగం. మెల్లగా కరిగే ఎక్స్‌ఎల్ మాత్రను మాత్రం విరగ్గొట్టకూడదు. మీ ఫార్మసీలో ఏది ఉందో చేరిన మొదటి రోజే చూసుకో. కుక్క కాటు టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతి కూడా రాసుకో: 0, 3, 7, 28 రోజుల్లో, రెండు చోట్ల 0.1 ఎంఎల్ చొప్పున.

ఇవన్నీ ఒకే పుస్తకంలో దొరకవు కాబట్టి నీకు నేను చెప్పేది ఇది. పిల్లలకి డబ్ల్యూహెచ్‌వో పాకెట్ బుక్, రెండో ఎడిషన్ 2013లో వచ్చింది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీయించి స్పైరల్ వేయించుకో. చిన్న ఆసుపత్రి కోసమే రాశారు, బరువును బట్టి డోసుల పట్టికలు ఉన్నాయి, బక్కచిక్కిన పిల్లల వైద్యం అంత వివరంగా జేబు పుస్తకాల్లో నేను ఇంకెక్కడా చూడలేదు. మందులకి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వేసే నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా. అది జేబులో పట్టదు, బల్ల మీద ఉంచు. బ్రాండ్ల పేర్లు, ధరలు ఉండే చిన్న పుస్తకాలు ఏ మందు ఏ పేరుతో దొరుకుతుందో చూసుకోవడానికి మంచివే, డోసు కోసం మాత్రం వాటిని తెరవకు. కంపెనీ రిప్రజెంటేటివ్‌లు ఉచితంగా ఇచ్చే వాటికీ ఇదే మాట.

లతకి ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఒకటి చాలు. దాని క్లాస్‌మేట్లు మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ల పాకెట్ మెడిసిన్ గొప్పదంటారు. గొప్పదే, ఆరు రింగుల చిన్న ఫైల్లో ఎంత సమాచారం కుక్కారో! కానీ సగం సంక్షిప్తాక్షరాలే. మెడిసిన్ పీజీ మొదటేడాదిలో అది బంగారం, హౌస్ సర్జన్‌కి గుప్తలిపి. రింగుల దగ్గర కాగితం చిరుగుతుంది కూడా, కొనేవాళ్లు రంధ్రాల చుట్టూ గుండ్రటి స్టిక్కర్లు ముందే అంటించుకోవాలి. వాషింగ్టన్ మాన్యువల్ డ్యూటీ రూమ్‌లో ఉండాల్సిన పుస్తకం, జేబులో పెడితే ఆప్రన్ ఒకవైపుకి ఒరిగిపోతుంది. యాంటీబయాటిక్స్‌కి శాన్‌ఫర్డ్ గైడ్ ఏటేటా వస్తుంది, అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. అదీ అమెరికా సూక్ష్మజీవుల లెక్క. మన టైఫాయిడ్ సిప్రోఫ్లోక్సాసిన్‌కి లొంగడం ఎప్పుడో మానేసింది. దానికి ఆసుపత్రి యాంటీబయాటిక్ పాలసీ కాగితమో, ఐసీఎంఆర్ మార్గదర్శకాలో నయం.

సీనియర్లు పాతది ఇస్తామంటే తీసుకోవచ్చా అని అడిగావు కదా. తీసుకో, కానీ కాపీరైట్ పేజీ చూడు. రీప్రింట్ సంవత్సరం చూసి మోసపోకు, ఆ ఎడిషన్ మొదట వచ్చిన సంవత్సరం కావాలి. టీబీ అధ్యాయం తెరిస్తే వయసు తెలిసిపోతుంది: వారానికి మూడు రోజుల మందులే అసలు పద్ధతి అని ఉంటే అది 2017కి ముందు మాట, ఆ ఏడాదే మన దేశమంతా రోజూ వేసే పద్ధతికి మారింది. ఓఆర్‌ఎస్ గాఢత (ఆస్మోలారిటీ) 311 అని ఉంటే ఇంకా పాతది. 2002 నుంచి డబ్ల్యూహెచ్‌వో చెబుతున్నది 245. ఇలాంటి పుస్తకంలో పరీక్ష చేసే పద్ధతులు చదువుకోవచ్చు, డోసులు వద్దు. జిరాక్స్ కాపీలు అసలే వద్దు. దశాంశ బిందువు చెరిగిపోతే 0.5 కాస్తా 5 అవుతుంది.

ఇక అసలైన రెండో పుస్తకం మీ ఇద్దరూ సొంతంగా రాసుకోవలసిందే. అరచేతిలో పట్టే రూళ్ల నోట్‌బుక్, గట్టి అట్టది. బాల్ పెన్నుతో రాయండి, జెల్ ఇంకు శానిటైజర్ తగిలితే అలుక్కుపోతుంది. కుడివైపు పేజీలోనే రాసి ఎడమది దిద్దుబాట్లకి వదలండి, ప్రతి పేజీ కింద రాసిన తేదీ వెయ్యండి. డోసు రాసేటప్పుడు ఎంజీ, ఆంపూల్స్, ఎంఎల్ మూడూ ఒకే వరుసలో పడాలి. గర్భిణులకి బీపీతో వచ్చే ఫిట్స్‌కి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇలా రాసుకో: మన ఆంపూల్ 50 శాతం, 2 ఎంఎల్, 1 గ్రాము. ఐవీ 4 గ్రాములు అంటే 4 ఆంపూల్స్, 8 ఎంఎల్, దానికి 12 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలిపితే 20 ఎంఎల్, 5 నుంచి 10 నిమిషాల్లో మెల్లగా. పిరుదులకి చెరో 5 గ్రాములు, చెరో 5 ఆంపూల్స్. మొత్తం 14. ట్రేలో 14 ఉన్నాయో లేదో డ్యూటీ ఎక్కగానే లెక్కపెట్టుకోవచ్చు. కొత్త స్టాకు వచ్చినప్పుడల్లా లేబుల్ మళ్లీ చదవాలి, ఎందుకంటే కంపెనీ మారితే శాతం మారవచ్చు.

చివరి పేజీల్లో బ్లడ్ బ్యాంకు, ల్యాబ్, 108లో మీ ఏరియా వాళ్లు, పెద్దాసుపత్రి క్యాజువాలిటీ, ఢిల్లీ ఎయిమ్స్‌లో 24 గంటలూ పలికే పాయిజన్స్ సెంటర్, వీటి నంబర్లు రాసుకో. రోగుల పేర్లు మాత్రం అందులో రాయొద్దని లతకి చెప్పు, ఆ నోట్‌బుక్ క్యాంటీన్‌లో మర్చిపోయే వస్తువు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని లత అంటుంది. ఫోన్‌లో పుస్తకం ఉండటం మంచిదే, సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా ముందే దింపుకోమను. కానీ గ్లవ్స్ వేసుకున్న చేత్తో, రోగి తల్లి పక్కనే నిలబడి చూస్తుండగా ఫోన్‌లో వేలు ఆడించడం కన్నా నోట్‌బుక్ తిప్పడం తేలిక. ఐసోలేషన్ వార్డులోకి మాత్రం పుస్తకం తీసుకెళ్లొద్దు, కావలసిన డోసు చీటీ మీద రాసుకెళ్లి లోపలే పారేయాలి.

కొనేముందు లత ఆప్రన్ జేబు కొలిచి తీసుకెళ్లు, అడుగు కుట్టు ఒక్క వరుసే ఉంటే టైలర్ చేత రెండో కుట్టు వేయించు. విజయవాడ వెళ్లే పనుంటే లెనిన్ సెంటర్‌లో పాతవి చూసి, కాపీరైట్ పేజీ, టీబీ అధ్యాయం ఫొటోలు తీసి పంపు. డబ్బు ఇచ్చే ముందు ఒకసారి చూసి చెబుతాను.

నీ
మూర్తి