ఫొటోలో పడని గాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కొండ కనుమల మీద రాత్రి బస గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు భలే ఉన్నాయి. కానీ గుడారం సరిగ్గా కనుమ నడినెత్తిన వేసి ఉంది. అది చూసి కుర్రాళ్లు కూడా అక్కడే వేస్తారేమోనని నా టెన్షన్.

రెండు శిఖరాల మధ్య సందు కాబట్టి గాలంతా అక్కడి నుంచే దూసుకొస్తుంది. అర్ధరాత్రి గుడారం గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, మేకులు ఊడొస్తాయి. (వ్యాసకర్తకు నిద్ర పట్టిందో లేదో రాయలేదు!) ఉరుములొస్తే మరీ ప్రమాదం. కాస్త దిగువన, బండ చాటున వేసుకోవడం నయం. వాన నీళ్లు పారే పల్లం మాత్రం వద్దు.

అసలు భయం ఎత్తుతో. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు వైద్యులు. తలనొప్పి, వికారం మొదలైతే పైకి వెళ్లకూడదు. అడుగు తూలుతుంటే తెల్లారేదాకా ఆగకుండా దిగాల్సిందే. మా బృందంలో ఒకాయన ‘నాకేం కాలేదు’ అంటూనే బూటు లేసు ముడి వేసుకోలేకపోయాడు. వేళ్లు తాడు చుట్టూ తిరుగుతున్నాయి తప్ప ముడి పడటం లేదు. టార్చి వెలుగులోనే కిందికి నడిపించాం. దిగేకొద్దీ మనిషి తేరుకున్నాడు.

వంట సంగతీ రాయలేదు. 4,000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. ఏదీ ఓ పట్టాన ఉడకదు, గ్యాస్ ఎక్కువ మోసుకెళ్లాలి.

ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే, ఒక ఫొటో తగ్గించైనా ఈ నాలుగు ముక్కలకు చోటివ్వండి.

– ఒక పాఠకురాలు