ఎంపీసీ, బైపీసీ మళ్ళీ కలిసే చోటు

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ చదువుల పేజీలో బయాలజీ రీసెర్చ్ గురించి వేశారు, బాగుంది, కానీ అంతా ఎగ్జామ్ గోలే. సీఎస్ఐఆర్ నెట్ ఎలా రాయాలి, జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, దాని పై మెట్టు ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000... ఇవన్నీ ఫోన్లో వెతికినా దొరుకుతాయండి. ఏ ల్యాబ్‌లో చేరాలి, చేరేముందు ఏం అడగాలి అన్నది మాత్రం ఎవరూ రాయరు.

నేను హైదరాబాద్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్నా. మన దగ్గర రీసెర్చ్ సంస్థలకి కొదవలేదు, హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్లో సీడీఎఫ్‌డీ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ. ఫిజిక్స్ వాళ్ళూ కంప్యూటర్ వాళ్ళూ కూడా ఇప్పుడు జీవకణాల మీద పనిచేస్తున్నారు. చిక్కెక్కడంటే మనం పదో తరగతి అవ్వగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని విడగొట్టేస్తాం, ఇక బైపీసీ వాళ్ళకి లెక్కలు బంద్, ఎంపీసీ వాళ్ళకి కణం బంద్, మళ్ళీ ఇద్దరూ ఎదురుపడేది ఇలాంటి ల్యాబ్‌లోనే.

మా దగ్గర బైపీసీ నుంచొచ్చిన అమ్మాయి పాత జీన్ల లిస్టొకటి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసింది, ఎంపీసీ అబ్బాయేమో కోడ్‌లో తప్పుందని రోజుల తరబడి జుట్టు పీక్కున్నాడు, తీరా చూస్తే సెప్ట్2 అనే జీన్ కాస్తా సెప్టెంబర్ 2వ తేదీ అయి కూర్చుంది. ప్రపంచమంతా ఇదే తలనొప్పి, 2020 నాటికి జీన్లకి పేర్లు పెట్టే కమిటీ వాళ్ళే దిగొచ్చి దాన్ని సెప్టిన్2 చేశారు. ఆ అబ్బాయీ తక్కువ తిన్లేదు లెండి, ఒకే ఫ్లాస్క్‌లోంచి తీసిన మూడు శాంపిల్స్‌ని మూడు వేర్వేరు ప్రయోగాలుగా లెక్కేసి గ్రాఫ్ గీసేశాడు, అవి ఒకే ప్రయోగం కింద లెక్క, ఒక్కసారైనా సెల్స్ పెంచినవాడైతే అలా చెయ్యడు.

అందుకే ఇలా రెండు వైపులవాళ్ళూ కలిసే ల్యాబ్‌లో చేరేముందు గైడ్‌ని మొహమాటం లేకుండా అడగాలి: సార్, నాకంటూ సొంత ప్రశ్న ఉంటుందా, లేక అందరి డేటాకీ గ్రాఫ్‌లు గీసే పనేనా? నాకు తెలిసిన ఒకన్న వేరేచోట ఏళ్ళకేళ్ళు పక్కవాళ్ళ ఎనాలిసిస్సే చేశాడు, పేపర్లన్నిట్లో పేరు మధ్యలో ఎక్కడో ఉంది, చివరికి పీహెచ్‌డీ కమిటీ వాళ్ళు ఇందులో నీదేంటి బాబూ అనడిగితే బిక్కమొహం వేశాడు. రెండో సబ్జెక్టుకి కో-గైడ్ ఉన్నారా, నాతో పిపెట్ పట్టిస్తారా, కోడ్ రాయిస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్‌కి వచ్చేవాళ్ళు ఇంకోటి అడగాలి, వెళ్ళిపోయేటప్పుడు ప్రాజెక్ట్‌లో ఏ భాగం మాతో తీసుకెళ్ళొచ్చు అని, అది మొదట్లో తేలకపోతే తర్వాత గొడవే.

ఈసారి మీ రిపోర్టర్ని కోచింగ్ సెంటర్‌కి కాకుండా ఏదైనా ల్యాబ్ క్యాంటీన్‌కి పంపండి. గైడ్ లేని టైం చూసి నాలుగో ఏడాది స్కాలర్లకి టీ ఇప్పిస్తే చాలు, ఒక పేజీ సరిపోదు మీకు.

— ఒక రీసెర్చ్ స్కాలర్, హైదరాబాద్