ఆగస్టు 8 సాయంత్రం 5:30కి అందరూ టెర్రస్ మీదికి రండి

అందరికీ నమస్కారం 🙏

ఆగస్టు 8 సరళా థక్రాల్ గారి పుట్టినరోజు. 1936లో, 21 ఏళ్ల వయసులో, చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిన మనిషి. విమానం నడిపిన తొలి తరం భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. అప్పటికి ఇంట్లో నాలుగేళ్ల కూతురు!

జిప్సీ మాత్ అంటే రెండు వరసల రెక్కలు, పైకప్పు లేని సీటు. ముఖానికి నేరుగా గాలి. చీర కుచ్చిళ్లు సర్దుకుని అందులోకి ఎక్కడం ఒక్కసారి ఊహించుకోండి.

1939లో భర్త విమాన ప్రమాదంలో పోయారు. కమర్షియల్ లైసెన్స్ కోసం వెళితే యుద్ధం వల్ల శిక్షణ ఆగిపోయింది. ఆమె లాహోర్‌లో చిత్రకళ నేర్చుకుని, తర్వాత ఢిల్లీలో చీరల డిజైన్లు, నగలు చేసి నిలబడ్డారు. నాకైతే ఆమె జీవితంలో ఈ భాగమే ఇంకా గొప్పగా అనిపిస్తుంది. పిల్లలకు ఇది తప్పకుండా చెబుదాం.

రేణిగుంట వైపు దిగే విమానం కనబడితే పిల్లల ఆనందం మీకు తెలిసిందే. అందుకే టెర్రస్ పెట్టాం. వాన వస్తే సెల్లార్‌లో.

పిల్లలు పాత న్యూస్ పేపర్లు తెచ్చుకోవాలి, విమానాలు చేయిస్తాం. ఆడవాళ్లు మొదటిసారి సైకిలో, స్కూటీయో, కారో నడిపిన రోజు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. అమ్మమ్మలూ, నానమ్మలూ, మీరు ముందు!

పులిహోర, మసాలా వడలు మేం చూసుకుంటాం. ఎంతమంది వస్తారో ఫ్లాట్ నంబరుతో 6వ తేదీ రాత్రిలోపు ఇక్కడే పెట్టండి. పెద్దవాళ్లకు కుర్చీలు కావాలి, ఇంటికి ఒకటి పైకి పంపండి.

మర్చిపోకండి, పిల్లలను పిట్టగోడ దగ్గరికి వెళ్లనివ్వొద్దు.